అన్న జేబులో రిమోట్

మొన్న మానుకోటల మా బడికి ప్రొజెక్టరు బొమ్మ పడే మోటారు తెర బిగించవచ్చిన ఎలక్ట్రీషియన్ "మేడం, రిమోట్ ఒక్కటే చాలా, గోడకు స్విచ్ గూడ ఇయ్యాల్నా?" అని అడిగిండు. తెర పైకి పోవడానికి ఒక వైరు, కిందికి దిగడానికి ఒక వైరు, ఇంకోటి న్యూట్రల్, పచ్చది ఎర్తు అని చూపిస్తుండు. రిమోట్లల్ల గూడ రెండు రకాలట. ఒకటి తెరకు ఎదురుంగ పట్టి నొక్కాలె, ఇంకోటి గోడ అవతలి నుంచైనా పనిజేస్తదట. "ముందుగాల గోడకు పెట్టు తమ్మీ, రిమోట్ సంగతి తర్వాత" అన్న. రిమోట్ అంటే నాకెందుకు గిట్టదో ఆయనకేం తెలుసు.

జనగామల మా అన్నకు ఫంక్షన్ హాలున్నది. అక్కడ తెర బిగించిననాడు గోడ స్విచ్ గూడ పెడతమంటే అన్న ఒప్పుకోలే. "గోడకుంటే దారిన పోయేటోడల్ల నొక్కుతడు" అని రిమోట్ ఒక్కటే ఉంచుకున్నడు. అది ఆయన లాల్చి జేబు దాటి బయటికి రాలే. మా తాత వడ్లకొట్టు తాళంచెవి మొలతాడుకు కట్టుకునేటోడు, తానం చేసేటప్పుడు గూడ విప్పేటోడు కాదు. ఆ రక్తం యాడికి పోతది? పెండ్లిపిల్ల ఫోటోలు చూపించాలన్నా ఆమె తండ్రి వచ్చి "అన్నా, జర తెర దించరాదే" అని నిలబడాలె. మేం నవ్వుకునేటోళ్లం.

అమ్మ మాత్రం బచ్చన్నపేట దిక్కు మా ఊర్లనే, మా తమ్ముని భార్య దగ్గర ఉండె. మంచంల పడ్డంక ఆమెకు ఒకటే ధ్యాస, పెద్దకొడుకు రావాలె. జనగామ ఎంత దూరమని? బస్సెక్కి ఓ కునుకు తీస్తే దిగుతం. నేను ఫోన్ జేస్తే "ముహూర్తాలున్నయి చెల్లె, తీరిక లేదు" అనేటోడు. ఒకనాడు అమ్మ తనే మాట్లాడుతనంటే ఫోన్ల వీడియో తీసి ఆయనకు పంపిన. తెరిచి గూడ చూడలే. తర్వాత మూఢం వచ్చింది. పెండ్లిళ్లు లేక హాలు ఖాళీగ పడ్డది. అయినా రాలే. ఆ మూఢంలనే అమ్మ పోయింది.

పెద్దకర్మ అన్న తన హాల్లనే పెట్టిండు. గేటుకు ఫ్లెక్సీలు, లోపల తెర మీద ఫోటోలు. ఏ ఫోటో చూసినా అన్న ముందట, లీడర్లు పక్కన, అమ్మ ఎనుకెక్కడో. ఆ ఫోటోలు కూర్చినాయనకు అమ్మ మాట్లాడిన ఆ వీడియో ఇచ్చి, ఆఖరుకు పెట్టించింది నేనే. ఇప్పటికీ తప్పనిపిస్తలేదు. అమ్మ మొకం తెర నిండ వచ్చింది. "పెద్దోడా, నువ్వొస్తవని రాత్రి తలుపుకు గొళ్లెం పెట్టనిస్తలేను బిడ్డా" అన్నది. అన్న చెయ్యి జేబులకు పోయింది. తెర మెల్లగ పైకి చుట్టుకోవట్టింది. తెర లేస్తే బొమ్మ ఆగుతదా? ఎనుక గోడ మీద పడ్డది. "చిన్న కోడలు కడుపుల పెట్టుకొని చూస్తున్నది, నాకేం తక్కువ లేదు. నీ మొకం ఒక్కసారి చూపియ్యి" అని అమ్మ మాట్లాడుతనే ఉన్నది. అన్న రిమోట్ నొక్కుతనే ఉన్నడు.

హాలంత విన్నది. మా మేనమామ గొంతు సవరించుకొని "బువ్వలు చల్లారుతున్నయి, లెవ్వుండ్రి" అన్నడు. అందరు లేచిండ్రు. మటన్ మంచిగున్నదని నాతోనే చెప్పినోళ్లున్నరు. అన్న పొద్దుగూకే దాక అక్కడనే తిరిగిండు, వచ్చినోళ్లను పేరుపేరున పలకరించుకుంట, ఎవ్వల్నీ తొందరపెట్టకుంట. అమ్మ బతికున్నన్ని రోజులు ఒక్క పూట తీరిక దొరకని కొడుకుకు, ఆమె పోయినంక కర్మ దినాలన్నిటికీ తీరిక దొరికింది.