జున్నుకు అత్తమ్మ పెట్టిన ముద్ద

మా ఎదురింటి అత్తమ్మ పోయిన నెల కన్నుమూసింది. హైదరాబాదు శివారు నల్లగండ్లలో మా అపార్ట్‌మెంటు మొత్తానికీ ఆవిడ అత్తమ్మే. పొద్దున దేవుడికి దీపం పెట్టి, కుర్చీలో కూర్చుని మరి లేవలేదట. ఆవిడ కోడలు తలుపు కొట్టి చెబితే చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను. మా జున్ను మాత్రం ఏమీ తెలియక తోక ఊపుకుంటూ వాళ్లింట్లోకి దూరిపోయింది.

జున్ను మా బీగిల్ కుక్క. అత్తమ్మది ఈ ఊరే, అపార్ట్‌మెంట్లు రాకముందు ఇక్కడే జొన్న పండించిన కుటుంబం. తాము తినేముందు కుక్కకు ఓ ముద్ద పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. లిఫ్టులెక్కే చోట వీధికుక్క ఎక్కడ దొరుకుతుంది? మా జున్ను దొరికింది. పప్పన్నం, నెయ్యి, పండగైతే గారెలు. అది చాలదన్నట్టు నేను ఆఫీసు నుంచి వచ్చి మళ్లీ గిన్నె నింపేదాన్ని. బీగిల్‌కి చాలు అన్న మాట తెలియదు. ఆ కళ్లేసుకుని చూస్తే ఎంతటివాళ్లయినా కరగాల్సిందే.

చివరికి అది సోఫా కూడా ఎక్కలేకపోయింది. డాక్టరు దాని పక్కలు నొక్కి చూసి, "ఎముకలు చేతికి తగలాలమ్మా, ఇక్కడ కొవ్వే తగులుతోంది. ఇలాగే ఉంటే కీళ్లు పాడవుతాయి" అన్నాడు. డాగ్ ఫుడ్ పూటకు ఎంతో కప్పుతో కొలిచి చూపించి, పైన ఒక్క మెతుకు వద్దన్నాడు.

అత్తమ్మకు చెప్పాను. "సరే బిడ్డా" అంది, అంతే. మధ్యాహ్నం కోడలు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, అత్తమ్మ అన్నం ముడుతలేదు. కుక్కకు పెట్టకుండ ఎట్ల తినాలె అంటున్నది. షుగర్ మనిషి, నాకు పరేషానైతుంది."

నాకు ఒళ్లు మండింది. కుక్కనా, మనిషినా, ఎవరిని పస్తు పెట్టను?

కాసేపటికి ఆవిడే స్టీలు గిన్నెతో వచ్చింది. "డాక్టరు చెప్పిన కొలతలకెల్లే జర నాకియ్యి బిడ్డా. ఎక్కువ పెట్ట. పెట్టేది మాత్రం నా చెయ్యే."

ఆ పూటకు కొలిచిన డాగ్ ఫుడ్‌లోంచే గుప్పెడు తీసిచ్చాను. ఆ గింజల్ని నీళ్లలో నానబెట్టి, మెదిపి, ముద్ద చేసి పెట్టింది. జున్ను ఎప్పటిలాగే గుటుక్కున మింగేసింది. "సూస్తివా, నెయ్యి కోసం కాదు అది వచ్చేది" అంటూ ఆవిడ తన కంచం ముందు కూర్చుంది.

ఆ రోజు నుంచీ అదే పద్ధతి. తనదీ కొలత భోజనమే కదా, "ఇద్దరం డాక్టర్లకే చిక్కినం" అని జున్నుతో చెప్పుకుని నవ్వేది. ఓ రోజు దాని పక్కలు తడిమి, "ఎముకలు దొరుకుతున్నయ్ బిడ్డా!" అని వరండా అదిరేలా అరిచింది. నా కుక్క నాలుగు కాలాలు బతుకుతుందంటే అది ఆవిడ చలవే.

దశదిన కర్మనాడు చుట్టాలంతా విస్తళ్ల ముందు కూర్చున్నారు. తమ్ముడి వరస పెద్దాయన, "అక్క పేరు మీద కుక్కకు ఇంత మటన్ ఎయ్యుండ్రి" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే కోడలు అడ్డుకుంది.

"వద్దు మామా. అత్తమ్మ ఉంటే ఊకుంటుండెనా?"

నా దగ్గర కొలిచిన గింజలు తీసుకుని తడిపి ముద్ద కట్టింది. అలవాటు లేని చెయ్యి, ముద్ద నిలవక నేలమీద విడిపోయింది. జున్ను ఒక్కో గింజా ఏరుకుని తినసాగింది. విస్తళ్లలో అన్నం పొగలు కక్కుతోంది. అది నేల నాకడం అయ్యేదాకా ఒక్కరూ అన్నంలో చెయ్యి పెట్టలేదు.