చీదరమ్మ వెనక్కి తెచ్చుకున్న మేక

ఆవిడ అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తులేదు. అందరూ చీదరమ్మ అనేవాళ్లు. మేకల దొడ్డి ఉన్న ఇంటికి కోడలిగా వచ్చి, ఏళ్ల తరబడి పెంటికలు ఊడుస్తూ, ఆ పెంటికలను చూసి ముక్కు చిట్లించే మనిషికి ఇంకేం పేరు పెడతారు? పోతుల కంపు, తొట్టిలో పులిసిన దాణా, తడిసి నల్లబడ్డ గోనెపట్టాలు, వాటి మధ్య నిలబడి తీరిగ్గా టీ తాగే మొగుడు, అన్నీ ఆవిడకు రోతే. రోతపడుతూనే చేసేది. ఆవిడ ఊడ్చినంత శుభ్రంగా మాత్రం ఇంకొకరు ఊడ్వలేరు.

ఆ ఇంటి వ్యాపారంలో ఒక పద్ధతి ఉండేది. అమ్మదలచిన మేకను మొగుడు ముందురోజు సాయంత్రమే పక్క గదిలోకి తోలి, తుంటి మీద నీలిరంగు పూసేవాడు. వ్యానువాడు రోజూ పొద్దున్నే మార్కెట్టుకు పోతూ వెనక గేటు నుంచి తొంగిచూసి, రంగున్నవి ఉంటే ఎవర్నీ లేపకుండా ఎక్కించుకుపోయేవాడు. ఇంట్లోవాళ్లు లేచేసరికి గది ఖాళీ. ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడనక్కర్లేదు. ఇంత పిరికి ఏర్పాటు ఇంకెక్కడా ఉండదని చీదరమ్మ నమ్మకం.

కూతురు ఒక తల్లిలేని మేకపిల్లకు సీసాతో పాలు పట్టి పెంచింది. మనిషి కనబడితే చాలు, అది పరుగెత్తుకొచ్చేది. దానికి రంగు పడ్డ మర్నాడు కూతురు ముందే లేచి కిటికీలోంచి చూసింది. వ్యానువాడు లాగకుండానే, అన్నిటికన్నా ముందు అదే వ్యానుకు వేసిన పలక ఎక్కింది. ఆ తర్వాత కూతురు అన్నం సరిగ్గా ముట్టలేదు, తండ్రితో మాట్లాడలేదు. ఆయన కొన్నాళ్లు గదమాయించాడు, కొన్నాళ్లు బతిమాలాడు, చివరికి దిగొచ్చాడు. ఇక అమ్మకం లేదన్నాడు. ఉన్నవి ఉన్నన్నాళ్లు ఇక్కడే బతుకుతాయన్నాడు. అలా దొడ్డి కాస్తా జంతువుల ఆశ్రయం అయింది. రోడ్డు వైపు నవ్వుతున్న మేక బొమ్మతో పెద్ద బోర్డు లేచింది. "మేక నవ్వడం ఎక్కడ చూశారర్రా?" అని చీదరమ్మ మూతి తిప్పింది గానీ, పొద్దున్నే ఆ పక్క గది చూసి మొహం తిప్పుకోనక్కర్లేకపోవడం ఆవిడకూ హాయిగానే ఉంది. పైకి మాత్రం అనలేదు.

రోత ఎక్కడికీ పోలేదు, వేషం మార్చుకుంది అంతే. సెలవురోజుల్లో జనం రావడం మొదలైంది. మేకల్ని కావలించుకుని ఫొటోలు దిగేవాళ్లు, మూతుల మీద ముద్దులు పెట్టేవాళ్లు, అదే మేక పెంటిక చెప్పుకింద నలిగితే కెవ్వుమనేవాళ్లు. ఒక పెద్దమనిషి మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని నిమురుతూ, "ఈ చుట్టుపక్కల మంచి మటన్ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. చీదరమ్మ చేతిలో చీపురుంది. కూతురు అడ్డం పడకపోతే ఆయన వీపు విమానం మోత మోగేది.

దొడ్డి మొత్తంలో ఆవిడకు బొత్తిగా పడనిది ఒక ముసలి కుంటిమేక. ఆరేసిన బట్టలు నమిలేది. ఆవిడ దాన్ని "దొంగమొహమా" అని పిలిచేది, అదీ ఆ పిలుపుకే పలికేది. తిడుతూనే దానికి దాణా విడిగా నానబెట్టి పెట్టేది, పళ్లు ఊడిపోయాయని.

దాని కుంటికాలు వాచింది. పశువుల డాక్టరు మర్నాడు వస్తానన్నాడు. ఆయనకు వెతుక్కునే పని లేకుండా మొగుడు దాన్ని పక్క గదిలోకి తోలి, గుర్తుగా తుంటి మీద ఇంత నీలిరంగు పూశాడు. చేతికి అలవాటైన పని, బుర్రను అడగలేదు.

పొద్దున గది ఖాళీ. వెనక గేటు దగ్గర మట్టిలో టైర్ల జాడ.

"మానేశామని వాడికి చెప్పలేదా?" అంది చీదరమ్మ.

మొగుడు నేలచూపులు చూశాడు. "బోర్డు పెట్టాంగా."

"బోర్డు ముందుంది. వాడొచ్చేది వెనకనుంచి!"

"ఎలా చెప్పను? నవ్విపోతాడు. మొహం చెల్లలేదు."

"తగలబడింది నీ మొహం" అని, కూతుర్ని స్కూటర్ తియ్యమంది.

మాంసం మార్కెట్టు వెనక సందులో కాలవ ఎర్రగా పారుతోంది. తోళ్ల గుట్ట మీద ఈగలు ముసిరాయి. ఎవరో కత్తి నూరుతున్నారు. చీదరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్లూ తమ మేకలు వచ్చింది ఇక్కడికే, తను ఒక్కసారీ వచ్చి చూడలేదు. వ్యానువాడు బండికి ఆనుకుని టీ తాగుతున్నాడు.

"ఏంటక్కా, ఇలా వచ్చావు?"

"నా మేకను ఇచ్చెయ్యి."

"రంగుంది, ఎక్కించా. నా తప్పేముందక్కా?"

"నీదని ఎవరన్నారు? తలుపు తియ్యి."

తీశాడు. పలక వేశాడు. లోపల ఎవరెవరి దొడ్లవో మేకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. "దొంగమొహమా!" అని కేకేసింది. మూలనుంచి అరుపు వచ్చింది. అది కుంటుకుంటూ తోసుకొచ్చింది. చెవి పట్టుకుని కిందికి దింపి కూతురి చేతికిచ్చింది.

మేకలు కదా, ఒకటి కదిలితే మిగతావీ కదులుతాయి. అన్నీ తలుపు దగ్గరికి వచ్చేశాయి. ముందున్న పిల్ల పలక మీద కాళ్లు పెట్టి ఆవిడ మొహంలోకి చూసింది.

"అమ్మా, దీన్ని కూడా..." అంది కూతురు.

"దీన్ని తీస్తే దీని వెనకది. ఆ తర్వాత దాని వెనకది. మనవి కాదే ఇవి."

అరచెయ్యి దాని నుదుటికి ఆనించి లోపలికి నెట్టింది. పిల్ల అది ఆటనుకుంది. రెండడుగులు వెనక్కి వేసి, ఉత్సాహంగా వచ్చి ఆ చేతిని పొడిచింది. మళ్లీ నెట్టింది. మళ్లీ పొడిచింది. మూడోసారి గట్టిగా తోసి, తలుపు మూసి, గడియ తనే వేసింది.

"ఎంతైనా తెలిసిన చెయ్యక్కా" అన్నాడు వ్యానువాడు. ఎగతాళికి కాదు, మెచ్చుకోలుగానే అన్నాడు. చీదరమ్మకు జీవితంలో దేనిమీదా అంత అసహ్యం కలగలేదు, అప్పుడు తనమీద తనకు కలిగినంత.

ఆ ఆదివారం కూతురు వచ్చినవాళ్లకు కుంటిమేక కథ చెప్పింది. అమ్మే వెళ్లి విడిపించుకొచ్చిందంది. అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. బండిలో మిగతావి ఏమయ్యాయని ఒక్కరైనా అడుగుతారేమోనని చీదరమ్మ ఒక్కో మొహం వెతికింది. ఒకావిడ చెయ్యెత్తింది. ఈ మేక కరుస్తుందా అని అడిగింది.