వంకర స్టీరింగ్, మా మూర్తిగారు

నిన్న నా జీపుకు కొత్త స్ప్రింగులు వేయించి ఎత్తు పెంచాను. దాంతో బండి నేరుగా పోతున్నా స్టీరింగ్ మాత్రం కుడికి తిరిగి ఉంటోంది. ఈ సాయంత్రం మాదాపూర్ ఆఫీసు నుంచి వీల్ అలైన్‌మెంట్‌కు బయలుదేరుతుంటే మా మేనేజర్ మూర్తిగారు ఎప్పటిలాగే ఎక్కారు. దారి పొడవునా నాకు డ్రైవింగ్ పాఠాలు చెప్పడం ఆయన అలవాటు.

ఈసారి రెండు నిమిషాలకే సీటు గట్టిగా పట్టుకున్నారు.

"ఏందయ్యా, కుడికి తిప్పుతున్నవ్? డివైడర్ ఎక్కిస్తవా?"

"సీదా పోతున్నం సార్, ఫికర్ చేయకుండ్రి."

"జర ఆపు. నేను మెట్రోల పోత."

దిగి, వెనక్కి చూడకుండా స్టేషన్ మెట్లెక్కేశారు. నేను హాయిగా వెళ్లి అలైన్‌మెంట్ చేయించుకున్నాను. స్టీరింగ్ ఇప్పుడు చక్కగా ఉంది. ఈ సంగతి ఆయనకు రేపే చెప్పాలా, ఓ నెల ఆగాలా? మీరైతే ఏం చేస్తారు?