వెనక్కి నడిచిన పడవ

బుద్ధి తక్కువ, ధైర్యం ఎక్కువ ఉన్న కాలం ప్రతి మనిషికీ ఒకటి ఉంటుంది. నాకు అది డిగ్రీ రెండో ఏడు. ఆ రోజుల్లో నాకు ఈత రాదు, భయమూ రాదు. ఈత ఇప్పటికీ రాలేదు. భయం మాత్రం బాగా వచ్చింది. మూడేళ్ళ మా పాప బకెట్లో చెయ్యి పెడితే వంటింట్లోంచి పరుగెత్తుకొస్తాను (ఇది రాసే లోపే నిద్రపోతున్న దాని దుప్పటి రెండుసార్లు సర్దాను).

మాచర్ల అవతల కృష్ణ ఒడ్డున మా ఊరు. ఆ ఏడు నాన్న నది అవతల మిరపతోట కౌలుకు తీసుకున్నాడు. రోడ్డు మీద చుట్టి వెళ్తే సగం రోజు పోతుందని పాత మరపడవ ఒకటి కొందామన్నాడు. అమ్మ ఒకటే షరతు పెట్టింది. "ముందు నేనెక్కి అవతలికి పోయొస్తా. నాకు భయమేసిందా, ఆ పడవా ఇంట్లో ఉండదు, నువ్వూ ఉండవు."

పడవ అమ్మే ఆయన్ని మీసాల మామ అనేవాళ్ళం. "పాత ఇంజను పోయింది బావా. పొలంలో నీళ్ళు తోడిన డీజిలు ఇంజను తెచ్చి బిగించా. ఏనుగనుకో" అన్నాడు. పొలం ఇంజను అనగానే నాన్న ముఖం వెలిగింది. పడవల గురించి ఆయనకు తెలిసింది లేదు, ఇంజన్ల గురించి తెలియనిది లేదు (మా వైపు రైతులు పెళ్ళికొడుకు కన్నా ఆయిలింజనునే ఎక్కువసేపు పరీక్షిస్తారు). పడవ ఒడ్డున దుంగల మీద ఉండగానే హ్యాండిలు తిప్పించాడు, పొగ రంగు చూశాడు, చెవి పెట్టి విన్నాడు, చివరికి నడుస్తున్న ఇంజను మీద నిండు టీ గ్లాసు పెట్టాడు. చుక్క తొణకలేదు. పడవని నీళ్ళలో దించి చూద్దామని మాత్రం మా ఇద్దరికీ తోచలేదు. "అమ్మాయ్, ఫిజిక్సు చదివేదానివి గదా, వెనక నీళ్ళు తోసే ఫ్యాను ఎట్టుందో చూడు" అన్నాడు నాన్న నాతో. నేను వెళ్ళి తిరుగుతున్న ఫ్యాను వెనక గంభీరంగా నిలబడ్డాను. నా జుట్టు కదల్లేదు. "ఎంత నెమ్మదైన ఫ్యానో నాన్నా, ఇంత తిరిగినా గాలే కొట్టట్లా!" అని మెచ్చుకున్నాను. ఆ మాటతో బేరం కుదిరింది.

మర్నాడు ఒడ్డున నాయనమ్మ చంకలో, నా తర్వాత చాలా ఏళ్ళకి పుట్టిన రెండేళ్ళ చెల్లిని వదిలి, దాన్ని పదిసార్లు ముద్దుపెట్టుకుని అమ్మ పడవెక్కింది. ముందువైపు ముఖం పెట్టి, అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. వెనకే నేనూ ఎక్కాను. నాన్న గెడతో పడవని లోతుకి తోసి, అవతలి ఒడ్డుకి ముఖం తిప్పి, ఇంజను వేశాడు. పడవ గర్జించి, వెనక్కి కదిలి, మా ఊరి గేదెల మధ్యకి పోయి ఆగింది.

"ఏందయ్యా, మళ్ళా ఇంటికే తెచ్చావు?" అంది అమ్మ.

నా జుట్టు ఎందుకు కదల్లేదో నాకప్పుడు వెలిగింది. "నాన్నా, ఈ ఇంజను ఫ్యానుని ఎదురు తిప్పుతోంది. నీళ్ళని వెనక్కి కాకుండా ముందుకి తోస్తోంది."

"నిన్ననే చెప్పొచ్చుగదే!"

"నిన్న నెమ్మదిగా ఉందనుకున్నా."

"చదువు నీళ్ళపాలంటే ఇదే" అంది అమ్మ.

నాన్న ఓడిపోయే రకం కాదు. గెడతో పడవని గిర్రున తిప్పాడు: ముక్కు, దాంతోపాటు అమ్మ ముఖమూ మా ఊరివైపు, తోక తెలంగాణ వైపు. మళ్ళీ ఇంజను వేశాడు. వంకరటింకరగా, తోకే ముందుగా, నది దాటాం. అవతల తోటలో వాళ్ళు పని ఆపి చూశారు. "ఏందన్నా, రివర్సుల వస్తున్నవ్?" అని అరిచాడొకాయన. "మా ఊరోళ్ళకి టాటా చెప్తా వస్తన్నా!" అన్నాడు నాన్న.

దిగాక అమ్మ వైపు తిరిగి, ఉరిశిక్ష వినబోయేవాడిలా నిలబడ్డాడు. "చెప్పు. తిరిగి ఇచ్చేద్దామా?"

"ఉండనియ్" అంది అమ్మ. "భయమెయ్యలా. పిల్ల కనపడతానే ఉందిగా."

నాకేమీ అర్థం కాలేదు. తిరుగు ప్రయాణంలో ఆవిడ తనే చెల్లివైపు తిరిగి కూర్చుంటే, నేను మాత్రం "ఇంకా స్పీడు!" అని అరుస్తూనే ఉన్నాను.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు, ఒడ్డున పాపని అమ్మ చంకలో వదిలి తోట చూడడానికి నాన్నతో పడవెక్కాను. మెకానిక్కు ఫ్యాను ఎప్పుడో మార్చాడు. పడవిప్పుడు బుద్ధిగా ముందుకే పోతుంది. నేను మాత్రం నిమిషానికోసారి మెడ తిప్పి ఒడ్డు చూస్తున్నాను.

"మెడ పట్టుద్దే" అన్నాడు నాన్న.

"ఆ పాత ఫ్యాను పారేశావా నాన్నా?"

"మీ అమ్మ పారెయ్యనిస్తేగా."

డిగ్రీ రోజుల్లో స్పీడు కోసం అరిచిన ఆ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే పడీపడీ నవ్వేది. నవ్వితే నవ్వనీ అనుకుని, లేచి, ఒడ్డువైపు తిరిగి కూర్చున్నాను.