బజారు దిక్కు దర్వాజ

నాలుగు తరాల వాళ్లం కలిసి ఉండేందుకు సూర్యాపేటలో, పెళ్లయ్యాక కూడా నేను ఉండిపోయిన మా పుట్టింటిని మార్పిస్తున్నాము. నిన్న గోడ పగలగానే పాత సున్నం వాసన వచ్చింది. నా ఈడు వారికి ఆ వాసన గుర్తుండే ఉంటుంది.

1940ల చివర్లో, నా చిన్నప్పుడు, చిన్నాన్న కుటుంబం తుంగతుర్తి నుంచి వచ్చి మాతోనే ఉండిపోయింది. అప్పుడు నాన్న మా నాయనమ్మకు కొత్త గది కట్టించారు.

"బజారు దిక్కు నాకో దర్వాజ పెట్టు కొడుకా."

"రెండు దర్వాజలుంటే ఇల్లు పంచుకున్నరంటరమ్మా!"

"అననీ. నా దోస్తులు నీ పెండ్లాన్ని అడిగి లోపలికి రావాల్నా?"

మేస్త్రీ నవ్వు ఆపుకుంటూ ఆమె కర్ర చూపిన చోట ద్వారం పెట్టాడు. ఆమె పోయాక దానిని పూడ్చేశారు.

నిన్న అదే చోట వేలు పెట్టి, నా గదికి ద్వారం కావాలన్నాను.

"వేరుపడ్డమనుకుంటరు గద నానమ్మా?" అన్నాడు మనవడు.

"అనుకోనీ" అన్నాను.