బోర్లించిన బకెట్ కింద గడ్డి

మాకు హైస్కూల్లో సైన్సు చెప్పిన టీచరుగారు మొన్న ఆదివారం కన్నుమూశారు. యూసుఫ్‌గూడలో ఆవిడ అద్దెకుంటున్న ఇంటి యజమానురాలు ఫోన్ చేసి, "మీ టీచరమ్మ పోయింది బిడ్డా, జర జల్ది రా" అంది. దారంతా కళ్లు తుడుచుకుంటూనే బండి నడిపాను.

టీచరుగారిది బాపట్ల వైపు. నేను సినిమాలకు కథలు రాస్తున్నానని తెలిసి, "అబద్ధాలు ఎన్నైనా రాయి నాయనా, తప్పులు మాత్రం రాయకు" అన్నారు. అందుకే, భూమి మీద పెద్ద ఉల్క పడే కథ మొదలుపెట్టగానే ఆవిడను జూబ్లీ హిల్స్‌లోని మా ఆఫీసుకు తీసుకెళ్లాను.

"మంటలు అదిరిపోవాలి మేడమ్," అన్నాడు డైరెక్టరు.

"మంటలు ఆరిపోతాయండీ. ఆ తర్వాత మసీ దుమ్మూ ఆకాశమంతా కమ్మేస్తాయి. నెలల తరబడి ఎండుండదు, ఒకటే చలి. ముందు పచ్చిక చస్తుంది. తర్వాత దాన్ని తినేవి, ఆ తర్వాత వాటిని తినేవి. మా పెరట్లో గడ్డి మీద బకెట్ బోర్లించి పెడతాను, వచ్చి చూడండి. ఆ ఒక్క సీనూ తీయండి."

"తప్పకుండా వస్తాను మేడమ్."

ఫిల్మ్‌నగర్‌లో రోజూ వినపడే మాటే అది. ఎవరూ దాన్ని పట్టుకుని కూర్చోరు. టీచరుగారు కూర్చున్నారు. ఆయన రాడని ఎంత చెప్పినా, "మాటిచ్చాడు కదయ్యా" అనేవారు. సినిమా పేలుడుతోనే ముగిసింది, షూటింగ్ అయిపోయిందని గుమ్మడికాయ కూడా కొట్టేశారు. ఆ సంగతి చెబితే, "మిగిలిపోయిన షాట్లు తీసే ప్యాచ్‌వర్క్ ఉంటుందన్నావుగా, అప్పుడు తీస్తారులే" అన్నారు. డైరెక్టరు మీద నాకు ఒళ్లు మండిపోయింది.

"భూమికేం, ఎప్పటికైనా కోలుకుంటుంది. పోయినవి మాత్రం తిరిగి రావు," అని క్లాసులో చెప్పేవారు. అప్పుడు పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపు ఆగడం లేదు.

సమాధి చేసి వచ్చాక పెరట్లోకి వెళ్లాను. గడ్డిలో వరసగా గుండ్రటి మచ్చలు.

"గడ్డి సచ్చినప్పుడల్లా బకెట్ పక్కకు జరిపేది," అంది ఇంటి యజమానురాలు. "నన్ను ముట్టనియ్యకపోయేది. సినిమావాళ్లొస్తరు, చూపియ్యాలె అనేది."

గోడ వారన మొదటి మచ్చ పూర్తిగా పచ్చబడింది. దాని పక్కది సగం. చివరి దాని మీద బకెట్ ఇంకా అలాగే ఉంది. మెల్లగా ఎత్తాను. పాలిపోయిన గడ్డి నేలకు అతుక్కుపోయి ఉంది. ఎండ వచ్చి దాని మీద పడింది.