గుర్రానికి బెల్లం పెట్టిన చేయి

పోయిన నెల మా చెల్లెలి కొడుకు పెళ్లికి తిరుపతి వెళ్లాను. పెళ్లికొడుకును ఊరేగించడానికి మండపం ముందు తెల్లగుర్రాన్ని తెచ్చి నిలిపారు. చుట్టాలందరూ దాని పక్కన ఫోటోలు దిగుతున్నారు. మా చిన్నాయన మాత్రం రోడ్డుకు అవతల, అరటిపండ్ల బండి పక్కన ఎండలో నిలబడి ఉన్నాడు. "ఆయన్ని ఈ పక్కకు రానీబాకండప్పా, పెండ్లికొడుకు నడిసిపోవాల్సొస్తాది," అన్నాడు మా బావమరిది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

చిత్తూరులో మా నాయన పెళ్లిళ్లకు గుర్రాన్ని బాడుగకు ఇచ్చేవాడు. ఉన్నది ఒకటే గుర్రం. పేరుకు తెల్లది, గోధుమరంగు మచ్చలు కనపడకుండా పెళ్లి రోజున పౌడరు పూసేవాళ్లం. బ్యాండు చెవి దగ్గర మోగినా కదిలేది కాదు, ఎవరైనా తుమ్మితే మాత్రం బెదిరేది. చిన్నాయనకు ఈ వ్యాపారం మీద నమ్మకం లేదు. దాన్ని అమ్మేసి ఆటో కొందామనేవాడు. అయినా రోజూ పొద్దున్నే కాగితంలో బెల్లం ముక్క చుట్టి తెచ్చి దాని నోటికి అందించేవాడు. ఒకరోజు అన్నదమ్ములకు మాటా మాటా పెరిగింది. "ఈ గుర్రం సస్తే గానీ నీకు బుద్ధి రాదన్నా!" అన్నాడు చిన్నాయన. వీధంతా విన్నది.

ఆ వారంలోనే గుర్రానికి కడుపునొప్పి వచ్చింది. నేల మీద పడి పొర్లింది, డొక్క వైపు మాటిమాటికీ తిరిగి చూసుకుంది, సాయంత్రానికి చచ్చిపోయింది. నాయన ఏడవలేదు. కొట్టంలో కూర్చుని ఉలవల వాసన చూశాడు, తౌడు వాసన చూశాడు, చివరికి బెల్లం చుట్టిన కాగితం తీసుకుని ముక్కుకు ఆనించాడు. "దీంట్లో ఏం కలిపినాడో సూడు," అని దాన్ని కవర్లో పెట్టి దాచాడు. అమ్మయితే చిన్నమ్మ పంపిన చట్నీపొడిని ముందు కోడికి వేసి చూసింది. కోడి ఇంకా కావాలని ఆమె వెంటపడింది. అయినా మేం తినలేదు.

విషం రుజువు చేయాలని నాయన పశువుల డాక్టరును పిలిపించి గుర్రాన్ని కోయించాడు. తను చూడలేక నన్ను నిలబెట్టాడు. లోపల పేగు కొంత మేర నల్లబడిపోయి ఉంది. దానికి రక్తం తెచ్చే పెద్ద నాళాన్ని డాక్టరు నిలువునా చీల్చాడు. దాని గోడ నీళ్ల పైపులా మందంగా, బిరుసుగా ఉంది. లోపల గడ్డకట్టిన రక్తం, అందులో దారప్పోగుల్లాంటి పురుగులు.

"విషమూ లేదు, ఏమీ లేదబ్బా. ఇవి నాళం గోడలో కాపురం పెట్టినాయి. గోడ వాసిపోయి, రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డలో ముక్క ఊడిపోయి సన్న నాళాలకు అడ్డం పడింది. పేగుకు రక్తం అందలా," అన్నాడు. తర్వాత, "దీనికి గడ్డి యాడ కోస్తారు?" అని అడిగాడు.

గడ్డి కోసేది నేను. కొట్టం వెనక మడిలో గుర్రపు లద్దె పోస్తే పచ్చగడ్డి మోకాలెత్తు లేచేది. అంత లేత గడ్డి ఇంకెవరి గుర్రానికీ దొరకదని నాకు గొప్ప. ఆ మాటే చెప్పాను. డాక్టరు నన్ను తిట్టలేదు. "లద్దెలో ఉండే ఈ పురుగుల గుడ్లు పిల్లలై గడ్డెక్కుతాయి. అదే కోసి మళ్లా దానికే పెట్టినారు. పురుగుల మందన్నా తాపినారా?" అన్నాడు. తాపలేదు.

ఇంటికి వచ్చి నాయనకు పురుగుల సంగతి చెప్పాను. గడ్డి సంగతి చెప్పలేదు. ఆయన నమ్మలేదు. "పురుగులు కడుపులో ఉంటాయి గానీ నెత్తురు పారే దాంట్లో ఉంటాయా? డాక్టరుకు వాడెంత ముట్టజెప్పినాడో!" అన్నాడు. "ఏమో నాయనా," అన్నాను. మరుసటి రోజు చిన్నాయన పలకరించడానికి వస్తే గేటు తీయనిది కూడా నేనే. ఆ మడిలో గడ్డి పీకేసి వంగనారు వేశాను. నాయన ఆ వంకాయలను కూడా అనుమానంగానే తిన్నాడు. ఆయన పోయేదాకా తమ్ముడితో మాట్లాడలేదు.

తిరుపతి పెళ్లిలో ఈసారి నేను రోడ్డు దాటి వెళ్లాను. గడ్డి, పురుగులు, నాళం, అన్నీ చిన్నాయనకు చెప్పాను. ఆయన కళ్లు చిట్లించి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడెందుకు చెప్తాండావు? పొలం మీద సంతకమేమన్నా కావాల్నా?"

"ఏమీ వద్దు చిన్నాయనా. రా, అందరి ముందరా చెప్తా."

ఆయన రాలేదు. జేబులోంచి కాగితం పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. బెల్లం.

"నువ్వే పెట్టు పో. నేను ఈడ్నుంచి సూస్తా."

బావమరిదికీ చుట్టాలకూ ఉన్నదంతా గట్టిగానే చెప్పాను. కొందరు నవ్వారు, కొందరు నేనేమైనా తాగి వచ్చానా అన్నట్టు చూశారు. గుర్రం మాత్రం బెల్లం తినేసి నా అరచేతిని నాకింది. వెనక్కి తిరిగితే చిన్నాయన దాని డొక్క వైపే చూస్తున్నాడు. కాలమే అన్నీ సర్దుతుందిలే అని నేను నిశ్చింతగా కూర్చున్న ఏళ్లన్నీ, ఆయన రోడ్డుకు అవతల నిలబడి గడిపాడు.